కోట లోపలి ఊరు

పెత్రమాస నాడు తెల్లవారుజామున వరంగల్‌లో దిగాను. వీధిదీపాలు ఇంకా ఆరలేదు గానీ స్టేషన్ బయట పూల మోపులు అప్పటికే దిగాయి. గునుగు కట్టలు, తంగేడు కొమ్మలు, గంపల నిండా బంతి. పల్లెల నుంచి వాటిని తెచ్చిన ఆడవాళ్లు కొంగులు కప్పుకుని వాటి పక్కనే కూర్చున్నారు. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండుగకు మొదటి రోజు.

ఈ స్టేషన్‌ను బాగుచేసి 2025 మే 22న ప్రారంభించారు. ముఖానికి కాకతీయ శిల్పం పోకడలు దిద్దారు. దాని ముందు నిలబడి చూస్తుంటే ఒక ఆటో వచ్చి ఆగింది.

"ఏడికి పోవాలె అమ్మా?"

"ఖిలా వరంగల్."

"ఖిలాల ఎవలింటికి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కోట చూడ్డానికి అన్నాను. "అట్లనా, కమాన్లకాడ దింపుత తియ్యి" అన్నాడు. కానీ నేను ఇంత దూరం వచ్చింది అతను మొదట అడిగిన మాట కోసమే. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ విహారయాత్రలో ఒకసారి ఈ కోటకు వచ్చాను. గంటన్నరలో తోరణాలు చూసి, వాటి నీడన పులిహోర పొట్లాలు విప్పి తిని బస్సెక్కాం. బస్సెక్కే ముందు దాహమైతే దగ్గర్లో ఒకింటి ముందు నిలబడ్డాం. ఆ ఇంటామె బిందె బయటికి తెచ్చి మాకందరికీ చెంబుతో మంచినీళ్లు పోసింది. కోట లోపల ఆమె ఇల్లెందుకుందని ఆనాడు మాలో ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్ల తర్వాత అడుగుదామని వచ్చాను.

స్టేషన్ వెనక వైపు శివనగర్. అండర్‌బ్రిడ్జి దాటితే కోటకు రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం. శివనగర్ ఇళ్ల నడుమ కాకతీయుల నాటి మెట్లబావి ఉంది. ఆటో ఆపి దిగి చూశాను. స్తంభాల వరుసలు అంతస్తులుగా నీళ్లలోకి దిగిపోయాయి. చుట్టూ డాబాలు, బట్టలారేసిన తీగలు. పక్కింటి వాకిట్లో బతుకమ్మకు పూలు విడదీస్తున్న ఒక చిన్నపిల్ల నన్ను చూసి, "మా బాయి సూడొచ్చినవా?" అంది. ప్రభుత్వ పటంలో అదొక చారిత్రక కట్టడం. ఆ పిల్లకు అది వాళ్ల బాయి.

కొంచెం ముందుకు పోతే రోడ్డుకు అడ్డంగా ఒక పచ్చని దిబ్బ లేచింది. తెలియనివాళ్లు గుట్ట అనుకుంటారు. అది మట్టికోట. దాదాపు రెండున్నర కిలోమీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా పోసిన కట్ట. దాని వెంట అగడ్త. ఆ లోపల మళ్లీ ఒక వలయం, కిలోమీటరు పైచిలుకు అడ్డుకొలతతో రాతికోట. దానికి 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఆ రాతి గోడను కూతురు రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేసింది. చూసేవాళ్ల కళ్లు రాతికోట మీదే ఆగుతాయి. కానీ 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ దండెత్తి వచ్చినప్పుడు మట్టికోట ఎంత గట్టిదో ఆనాటి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆశ్చర్యంగా రాసుకున్నాడు. శత్రువులు మెచ్చుకున్న ఆ కట్ట మీద ఈ ఉదయం మేకలు మేస్తున్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు వంగి తంగేడు తెంపుతున్నారు.

నేను అక్కడే దిగిపోయాను. ఆటో అబ్బాయి డబ్బులు తీసుకుంటూ, "ఇంకా లోపటికున్నది అమ్మా" అన్నాడు. నడిచి వెళ్తానన్నాను.

పూలు తెంపుతున్న వాళ్లలో పెద్దావిడకు అరవై దాటి ఉంటాయి. తలమీద తువ్వాల, నడుముకు కట్టిన కొంగులో పూలు. నేను కట్ట ఎక్కుతుంటే, "పయిలం బిడ్డా, జారుతది" అంది. ఆమె పుట్టిల్లు తూర్పు కోట, అత్తిల్లు మధ్య కోట. పెళ్లయితే గడప మారింది గానీ గోడ దాటలేదు.

"నీళ్లు తాగినవా? మొఖం సూస్తే దూపగొన్నట్టున్నవ్."

ముప్పై ఏళ్ల కిందటి బిందె గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది.

ఆమెతో కలిసి పడమటి ద్వారం గుండా లోపలికి నడిచాను. ఆ ద్వారం కట్టిన పద్ధతి నడిస్తేనే తెలుస్తుంది. దారి తిన్నగా పోదు. రాతి గోడ ఎదురొస్తుంది, మలుపు తిరగాలి, మళ్లీ గోడ, మళ్లీ మలుపు. దూసుకొచ్చే ఏనుగునూ గుర్రాన్నీ వేగం తగ్గించి, పైనున్న వాళ్ల గురికి అప్పగించడానికి అలా కట్టారు. ఇప్పుడు ఆ మలుపుల్లో పాల క్యాన్ల మోటారుసైకిళ్లు హారన్ కొడుతూ వస్తున్నాయి. ఒక ట్రాక్టర్ వస్తే మేమిద్దరం ఏడువందల ఏళ్ల రాతికి వీపానించి దారిచ్చాం.

లోపల ఊరు. నిజంగా ఊరు. పడమర కోట, మధ్య కోట, తూర్పు కోట అని పేటలకు పేర్లు. పెంకుటిళ్లు, డాబాలు, కిరాణా కొట్లు, బడి, మసీదు, పోచమ్మ గుడి. ఇళ్ల వరుస అయిపోగానే పొలాలు. ఆకుకూరల మళ్లు, మక్కజొన్న, వరి. రాతిగోడ చివరికంటా పంట. ఇది ఇప్పుడొచ్చిన సంగతి కాదు. ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివాళ్లకు తిండి, నీళ్లు ఉండాలి. కోటలో పొలమూ చెరువూ బావీ కాపలాలో భాగమే. అక్కాచెల్లెళ్ల బావి, శృంగార బావి అని ఇక్కడ బావులకు పేర్లున్నాయి. రాజులు పోయాక కూడా పొలం పొలంగానే మిగిలింది. వరంగల్ కూరగాయల సంచీలోకి కోట లోపలి కొత్తిమీర ఈనాటికీ వెళ్తోంది.

ఓరుగల్లు వీధుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగిన ఇద్దరు మిత్రుల కథ మన సాహిత్యంలో ఉంది. 15వ శతాబ్దం నాటి క్రీడాభిరామం. మంచనశర్మ, టిట్టిభసెట్టి. పూటకూళ్లింట్లో భోంచేస్తారు, కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్ల దగ్గర ఆగుతారు. రాజుల ప్రశస్తి శాసనాల్లో బోలెడంత దొరుకుతుంది గానీ, ఊళ్లో ఆ పూట ఏం జరుగుతోందో చెప్పిన పుస్తకం మనకది. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు దాన్ని అంతగా ఆశ్రయించింది అందుకే. ఓరుగల్లుకు తొలి స్థానిక విలేకరులు ఆ ఇద్దరేనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మధ్య కోటకు చేరేసరికి ఎండ ఎక్కింది. అటూ ఇటూ ఉన్న ఇళ్ల మధ్య నుంచి హఠాత్తుగా తోరణం కనిపించింది. ఎన్ని ఫొటోల్లో చూసినా దాని కింద నిలబడితే వేరు. రెండు జంట స్తంభాలు, వాటి నుంచి వాలుగా లేచిన దూలాలు, పైన అడ్డంగా బరువైన రాయి, ఆ రాతికి వేలాడే పద్మ మొగ్గలు, కొసన హంసలు. అలాంటివి నాలుగు, నాలుగు దిక్కులకు. నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు. 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ సేన కోట పట్టి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోయింది. ఆయన దారిలోనే నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. గుడి కూలింది. తోరణాల మీద దేవతామూర్తులు లేవు కాబట్టి వాటిని వదిలారని ఇక్కడ చెప్పుకుంటారు. కూలిన గుడి చోట కట్టించిన పెద్ద మసీదుకు ద్వారాలుగా పనికొస్తాయని వాటిని ఉంచారని ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ వంటి చరిత్రకారులు అంటారు. నాకు రెండో మాట ఎక్కువ నమ్మకంగా ఉంది. గెలిచినవాడు కూడా ఇంత అందమైన దాన్ని తనదిగా చేసుకోవాలనుకుంటాడు. ఆ మసీదూ నిలవలేదు. తోరణాలు మాత్రం ఉన్నాయి.

కంచె లోపల గుడి శకలాలు వరుసలుగా పేర్చారు. ఏనుగుల వరుసలు, నందులు, విరిగిన ద్వారశాఖలు, సగం పువ్వు. ఒక్కో ముక్కా ముట్టుకోవాలనిపించే నునుపు. పక్కనే ఖుష్ మహల్, లోపలికి వాలిన మందపు గోడలు, పెద్ద కమానులు. షితాబ్ ఖాన్ కట్టించాడని ఊరి మాట, తుగ్లక్ కాలం నాటిదని పరిశోధకుల మాట. దాని మీదికెక్కితే ఊరంతా, దాని వెనక ఏకశిల గుట్టా ఒకే చూపులో కనిపిస్తాయి. ఆ ఒక్క రాయి వల్లే ఇది ఓరుగల్లు.

ఈ తోరణమే తెలంగాణ రాజచిహ్నంలో ఉంది. 2014లో చిత్రకారుడు ఏలే లక్ష్మణ్ గీసిన ఆ ముద్రలో చార్మినార్‌ను చుట్టి నిలబడింది ఇదే. 2024లో ఆ చిహ్నం మార్చే ఆలోచన బయటికొచ్చినప్పుడు వరంగల్‌లో నిరసనలు జరిగాయి. సర్కారు కాగితాలన్నిటి మీదా అచ్చయ్యే ఈ తోరణానికి యాభై అడుగుల దూరంలో గడప కడుక్కుంటున్న ఇళ్లున్నాయి. ఆ ఇళ్లు మాత్రం ఏ ముద్రలోనూ లేవు.

టీ కొట్టు దగ్గర ఊరి పెద్దలు నలుగురు మినీ పేజీలు పంచుకుని చదువుతున్నారు. పత్రికల్లో జిల్లా వార్తల పేజీలను ఇక్కడంతా మినీ అనే అంటారు. మెయిన్ పేపర్ మడిచి బల్ల మీద పడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నాకు బెంచీ మీద చోటిచ్చారు. చెప్పుకుంటున్నవన్నీ ఊరి కబుర్లే. భద్రకాళి చెరువులో 2024 నవంబర్‌లో నీళ్లన్నీ వదిలేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. ఆ మట్టి ఎటు పోయింది, ఎవరి పొలానికి చేరింది అని వాదం. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. నిజాం కాలంలో కట్టిన ఆ రన్‌వే మీద 1981 దాకా విమానాలు దిగాయి. ఇప్పుడు భూమి పోయే ఊళ్లవాళ్ల పరిహారం మాట. వాళ్లలో ఒకాయన, "మాది ఏ జిల్లానో మాకే చెప్పరాదు, ఒక్క ఊరును రెండు జిల్లాలు జేసిండ్రు" అన్నాడు. నిజమే. 2021లో అర్బన్ జిల్లాకు హనుమకొండ అనీ, రూరల్ జిల్లాకు వరంగల్ అనీ పేర్లు మార్చాక ఈ జంటనగరం మధ్య నుంచి గీత పోయింది. ఒకే నగరపాలక సంస్థ కింద ఇద్దరు కలెక్టర్లు.

ఊరి వార్తకు ఈ గడ్డ మీద పాత విలువ ఉంది. 1922లో ఇనుగుర్తి అనే పల్లెలో వద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక పెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో, హైదరాబాద్ నగరంలోనే తెలుగు పత్రిక నడపడం కష్టమైన చోట, ఒక పల్లెలో సొంత ముద్రణ యంత్రం పెట్టి వారపత్రిక అచ్చేశారు. అంతకు ముందే, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలసింది. ఆ గ్రంథాలయం నీడలో చదువుకున్న తరమే తర్వాత నిజాం పాలనను ప్రశ్నించింది.

కోటలో ఆ ప్రశ్నకు నెత్తురు కూడా పడింది. 1946 ఆగస్టు 11న ఇక్కడ జాతీయ జెండా ఎగరేశారు. ఆ రోజు రజాకార్ల దాడిలో బత్తిని మొగిలయ్య గౌడ్ ప్రాణం పోయింది. వరంగల్ బజారులో ఆయన పేరు మీద హాలుంది. ఆ రోజుల్లోనే కవి కాళోజీ నారాయణరావుకు నగర బహిష్కరణ శిక్ష పడింది. టీ కొట్టు పెద్దాయన ఇదంతా నిన్న జరిగినట్టు చెప్పాడు. "మా నాయిన సూసిండు" అన్నాడు, వేలితో వీధి చూపిస్తూ. నాలుగు తోరణాల గురించి చెప్పే బోర్డులు కోటలో చాలా ఉన్నాయి. ఈ వీధిలో ఆగి ఈ కథ చెప్పే బోర్డు నా కంట పడలేదు. కాకతీయుల దగ్గరే చరిత్ర ఆగిపోయినట్టు మనం కోటను చూస్తున్నాం. మొగిలయ్య చనిపోయిన వీధి కూడా కోటే.

మధ్యాహ్నం పూలావిడ నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. ఆ పూట పెద్దలకు బియ్యం ఇచ్చారు. అరిటాకు ముందు కూర్చోబెట్టి, వద్దన్నకొద్దీ వడ్డించింది. వాళ్లది రెండు గదుల పెంకుటిల్లు. ఒక మూల పైకప్పు వంగి, కింద వెదురుబొంగు ఊతం పెట్టారు. చిన్నకొడుకు పెళ్లి కుదరడంలేదట.

"ఇల్లు సూసి పోతాండ్లు. మళ్ల వత్తలేరు," అంది ఆమె.

కొడుకు అందుకున్నాడు. "కడదామంటె పర్మిషన్ రాదు మేడం. ఇటు గోడ, అటు కమాను. ఏ దిక్కు కొలిసినా వంద మీటర్లల్లనే వడ్తం."

ఇది విన్నాకే నా ముప్పై ఏళ్ల ప్రశ్నకు అసలు బరువు తెలిసింది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో పాత ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. పొలం మధ్య ఒంటరిగా నిలిచిన గుడికి ఈ లెక్క సరిపోతుంది. కట్టడం లోపలే ఊరున్న చోట ఈ లెక్క ఊరి మీద వలలా పడుతుంది.

చట్టం వద్దని నేను అనను. అది లేకపోతే ఈ మట్టికట్ట ఎప్పుడో ఇటుకబట్టీలకు పోయేది. దీనికి వెలుపల దూరంగా ఉన్న మరో మట్టివలయం చాలా చోట్ల నగరం కింద కలిసిపోయింది. కానీ పిల్లాడి పెళ్లి ఆగిపోయిన ఇంట్లో అన్నం తింటూ, వారసత్వం కోసం మీరు ఓర్చుకోండి అనే మాట నా నోటికి రాలేదు. ఈ కోటను చూసి వెళ్లే నాలాంటివాళ్ల ఆనందానికి మూల్యం ఆ వెదురుబొంగు కింద కూర్చున్నవాళ్లు కడుతున్నారు.

ఆ అబ్బాయే ఇంకో మాట అన్నాడు. "రామప్పకు యునెస్కో వచ్చె. మా కోటకు రాకపాయె. మేముండుట్లనే రాలేదంటరు."

2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది రామప్ప గుడి ఒక్కటే. అంతకు ముందు తాత్కాలిక జాబితాలో రామప్ప, వేయిస్తంభాల గుడి, ఈ కోట తోరణాలు కలిసే ఉండేవి. పల్లెగాలి మధ్య ఉన్న రామప్పను వేరు చేసి పంపడం సులువైంది. దాని గొప్పతనంలో సందేహమేమీ లేదు. కానీ లోపల మనుషులుండటం కోటకు లోపమని ఈ పిల్లాడు నమ్ముతున్నాడు. ఆ నమ్మకం అతని తలలోకి ఎక్కించింది మనమే.

మనుషులున్న ఊళ్లకూ ఆ గుర్తింపు దక్కింది. ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి మీద విగాన్ అనే పట్టణం ఉంది. స్పెయిన్ ఏలిన కాలం నాటి వీధులు, కింద రాయి, పైన కలప, పక్కకు జరిపే ఆల్చిప్ప పలకల కిటికీలు. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఆ ఇళ్లలో మనుషులుంటున్నారు, కొట్లు నడుపుతున్నారు. స్థానికులను కలుపుకొని, తక్కువ వనరులతో వారసత్వాన్ని చక్కగా కాపాడుకుంటున్న పట్టణమని 2012లో అదే యునెస్కో విగాన్‌ను మేలైన నమూనాగా ఎంచింది. జనం ఉండటం వల్ల అక్కడ గౌరవం తగ్గలేదు, పెరిగింది. ఇది చెప్తే ఆ అబ్బాయి రెండుసార్లు ఊరి పేరు అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం షత్రంజీలు నేసే కొత్తవాడ ఒక చుట్టు చుట్టి వచ్చాను. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు ఈ ఊరి తివాచీలు వెళ్లాయి. పండుగ పూట కావడంతో మగ్గాలు చాలావరకు ఆగి ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక ఇంట్లో ముదురు నీలం, ఎరుపు చారల షత్రంజీ ఒకటి కొన్నాను. అక్కడి నుంచి హనుమకొండలో వేయిస్తంభాల గుడికి.

1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. దాని ఎదుటి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయికీ గుర్తు వేసి విప్పేశారు. కాకతీయులు ఇసుక నింపిన పునాది మీద కట్టిన ఆ మండపం కుంగిపోతే మళ్లీ నిలబెట్టడానికి విప్పారు. తిరిగి లేచి 2024 మార్చి 8న, శివరాత్రి నాడు, తెరుచుకుంది. ఒక తరం పిల్లలు ఆ రాళ్లను ఆవరణలో కుప్పలుగానే చూసి పెద్దయ్యారు. ఇవాళ ఆ మండపం నిండా జనం. సాయంత్రానికి ఇక్కడ ఇసుక వేస్తే రాలనంతగా ఆడవాళ్లు చేరతారు. టీవీ కెమెరాలు అప్పటికే స్టాండ్లు నిలబెట్టుకున్నాయి. నేను కాసేపు నంది దగ్గర కూర్చుని కోటకే తిరిగి వెళ్లాను. సాయంత్రం ఆటకు పూలావిడ రమ్మంది.

చీకటి పడుతుండగా కోటలోని శంభుని గుడి దగ్గరికి బతుకమ్మలు వచ్చాయి. తాంబాళాల్లో తంగేడు ఒక వరుస, రంగు అద్దిన గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస, కొసన పసుపు గౌరమ్మ. పొద్దున మట్టికోట మీద తెంపిన పూలు ఇప్పుడు తోరణాల మధ్య పేర్చి ఉన్నాయి. ముందురోజే కోసి నీళ్లలో పెట్టిన పూలు కూడా కలుస్తాయి కాబట్టి ఎంగిలిపూలంటారని ఆమె చెప్పింది. నా చేయి పట్టి వలయంలోకి లాగింది. అడుగు వేసి, వంగి, చప్పట్లు. పాట చెప్పేది ఒకామె, అందుకునేది అందరూ. మాటలు రాకపోయినా చేతులు కలిశాయి. మా వలయం పక్కన ఇంకో వలయం, దాని పక్కన చిన్నపిల్లల వలయం. ఇంటి ముందు మంచం వేసుకుని ఒక ముసలి ముస్లిం అవ్వ చూస్తోంది. ఆడేవాళ్లు ఆమెను పేరుతో పలకరించి పోతున్నారు.

రాజులు గుండ్రంగా కట్టిన ఈ కోటలో ఇప్పటికీ గుండ్రంగా తిరుగుతున్నది వీళ్లే. నాలుగు తోరణాలు చీకట్లో కలిసిపోయాయి. ఆ రాళ్ల నడుమ గొంతులు వినపడుతున్నాయి.

ఆట అయ్యాక ఏకశిల గుట్ట కింది చెరువు దాకా అందరితో నడిచాను. బతుకమ్మలు నీళ్లలో వదిలి, నువ్వులు నూకలు కలిపిన ప్రసాదం ఒకరి చేతిలో ఒకరు పెట్టి పంచుకున్నారు. ఆమె నా కొంగులో రెండు పిడికిళ్లు ఎక్కువే పోసింది. "సద్దుల బతుకమ్మకు రా బిడ్డా. ఇంట్లనే ఉండు" అంది. వెదురుబొంగు నిలిపిన ఆ రెండు గదుల్లో నాకు చోటుందని ఆమె అనుకుంటోంది.

కోట గురించి నిర్ణయాలు చేసే బల్లల దగ్గర పడమర కోట, మధ్య కోట, తూర్పు కోట మనుషులకు కుర్చీ వేయాలి. వాళ్ల పాత ఇళ్లు కూలకుండా, ఊరి రూపు చెడకుండా బాగుచేసుకునే పద్ధతిని పురావస్తు నిపుణులు, ఊరివాళ్లు కలిసి రాయాలి. మరమ్మతు దరఖాస్తులకు నెలల గడువు కాక రోజుల గడువు పెట్టాలి. అడిగింది పెద్ద కోరికేమీ కాదు.

మీరు వరంగల్ వెళ్తే టికెట్ ఇచ్చే కంచె దగ్గర ఆగిపోకండి. తోరణాలు చూశాక ఊళ్లోంచి తూర్పు ద్వారం దాకా నడవండి. దారిలో కోట పొలం కొత్తిమీర అమ్ముతారు, రెండు కట్టలు కొనండి. దాహమైతే ఏ గడప ముందైనా నిలబడండి, నీళ్లిస్తారు. ఇల్లెప్పటిదని అడగండి, కూర్చోబెట్టి చెప్తారు.